కారుకు రెండు ముక్కులు

కారు కూడా గాలి పీల్చుకుంటుంది. అయితే ఆ గాలి ఒకే దారిన కాక రెండు వేర్వేరు దారుల్లో లోపలికి వెళుతుందన్న సంగతి చాలామంది వాహనదారుల దృష్టికి రాదు. ఒక దారి ఇంజనుకు, రెండోది లోపల కూర్చున్న మనుషులకు. రెండు దారుల్లోనూ వడపోతలున్నాయి. వాడుకలో రెంటినీ ‘ఎయిర్ ఫిల్టరు’ అనే అంటారు. సర్వీసు రసీదు మీద ‘ఎయిర్ ఫిల్టరు మార్చడమైనది’ అని ఉంటే, మార్చింది ఏదని అడిగేవారు అరుదు. నేనుండే నిజ్వాలో అడిగిచూస్తే, తరచుగా వచ్చే సమాధానం ‘ఇంజనుది’ అని. యంత్రం ఊపిరి మీద ఉన్న శ్రద్ధ మనిషి ఊపిరి మీద లేకపోవడం ఒక వైద్యుడిగా నాకు వింతగానే ఉంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో ముక్కును గురించి. దాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైనంత మేరకు మొదటిదాన్ని గురించి కూడా.

నిజ్వా ఒమాన్ దేశపు లోపలి ప్రాంతమైన అల్ దాఖిలియాకు కేంద్రం. మస్కట్ నుండి దాదాపు 150 కిలోమీటర్లు. ఉత్తరాన హజర్ పర్వతాలు, వాటి మీద జబల్ అఖ్దర్. దక్షిణంగా పోతే ఆదమ్ పట్టణం దాటాక నేల చదునై, చెట్లు పలచబడి, పడమటి వైపున రుబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి దాకా అడ్డన్నది లేదు. ఆగ్నేయంగా షర్కియా ఇసుకతిన్నెలు. వీటి మధ్య ఎండిన వాదీలు, అంటే వానలొచ్చినప్పుడు మాత్రమే పారే వాగులు, తమ అడుగున మెత్తని ఒండ్రును పరచిపోతాయి. గాలి లేపేది ఎక్కువగా ఈ ఒండ్రునే. కంటికి కనబడే ఇసుక రేణువు బరువైనది, ఎక్కువసేపు గాలిలో నిలవదు, ముక్కు దాటి లోపలికి పోదు. గాలి నిమ్మళించిన మర్నాడు కూడా కొండలను మసకబార్చే పలుచని తెర వేరు. వైద్యునికి పట్టింపు ఉండవలసింది ఆ తెరతోనే.

ఇంజను ముక్కు

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఎంత గాలి కావాలి? బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. అంటే 11 కిలోల గాలి, ఘనపరిమాణంలో దాదాపు 9,000 లీటర్లు. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల చొప్పున రోజంతా పీల్చే గాలి కూడా ఇంచుమించు అంతే. నిజ్వా నుండి మస్కట్ వెళ్ళడానికి 12 లీటర్లు ఖర్చయితే, ఆ గంటన్నరలో ఇంజను లక్ష లీటర్లకు పైగా గాలిని మింగుతుంది. ఆ గాలిలోని దుమ్ము సిలిండరులోకి చేరితే, అందులోని గచ్చకాయరాయి లాంటి గట్టి రేణువులు పిస్టన్ రింగులనూ సిలిండరు గోడలనూ సానపట్టి అరగదీస్తాయి. తొలినాటి ఫోర్డు మోడల్ టి కారుకు గాలి వడపోతే లేదు. ఆ కాలపు ఇంజన్లు తొందరగా అరిగిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

మన పల్లెల్లో పాత ట్రాక్టర్లను చూసినవారికి నూనె తొట్టి వడపోత గుర్తుండే ఉంటుంది. బానెట్టు కింద ఒక డబ్బా, దాని అడుగున కాస్త నూనె. గాలి పైనుంచి వేగంగా దిగి, నూనె దగ్గర ఒక్కసారిగా మలుపు తిరిగి పైకి పోతుంది. గాలి మలుపు తిరుగుతుంది గానీ బరువైన రేణువు తిరగలేదు. నేరుగా పోయి నూనెలో పడి చిక్కుకుంటుంది. వైద్యవిద్యలో ముక్కు నిర్మాణం చదివినప్పుడు నాకు వెంటనే స్ఫురించింది ఈ డబ్బానే. ముక్కులో వంకర తిరిగిన మెత్తని ఎముకల మీదుగా గాలి మలుపులు తిరుగుతుంది. నూనెకు బదులు జిగురు పొర. సూత్రం ఒక్కటే.

నేటి కార్లలో నూనె తొట్టి స్థానాన్ని మడతలు పెట్టిన కాగితపు వడపోత ఆక్రమించింది. దాన్ని గురించి రెండు మాటలు చాలు. మొదటిది, అది మూసుకుపోతే మైలేజీ పడిపోతుందన్న నమ్మకం కార్బ్యురేటరు కాలం నాటిది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షల్లో, కంప్యూటరు నియంత్రణ ఉన్న ఆధునిక ఇంజన్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు. తగ్గింది కారు వేగం పుంజుకునే శక్తి. రెండోది, కాగితపు వడపోత కొంత దుమ్ము పట్టాక ఇంకా బాగా వడకడుతుంది, పట్టిన దుమ్మే మరో పొరగా పనిచేస్తుంది గనుక. దాన్ని వారం వారం తీసి, గాలి గొట్టంతో ఊది, తిరిగి పెట్టడం జాగ్రత్త అనుకుంటారు. తీసినప్పుడల్లా డబ్బాలోని దుమ్ము అవతలి శుభ్రమైన వైపు రాలుతుంది, గాలి ఒత్తిడికి కాగితం సూక్ష్మంగా చిరుగుతుంది. ముట్టుకోకుండా వదిలి, సమయానికి కొత్తది వేయడమే మేలు.

ఇంజను ముక్కుకు నీటి గండం కూడా ఉంది. చాలా కార్లలో ఈ గాలి దారి ముందు గ్రిల్లు దగ్గర, హెడ్‌లైటు ఎత్తులోనే మొదలవుతుంది. పారుతున్న వాదీలోకి కారు దింపితే ముందు భాగంలో నీరు అలలా లేచి ఆ దారిలోకి చొరబడుతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఎడారి ల్యాండ్ క్రూయిజర్ల అద్దం పక్కన పైకప్పు దాకా పోయే నల్లని గొట్టం, స్నార్కెల్, గాలి దారిని ఎత్తుకు చేర్చేదే. నిజానికి దాని నిత్య ప్రయోజనం నీటికన్నా దుమ్ముకే. ముందు వెళ్ళే వాహనం లేపే దుమ్ము నేలకు దగ్గరగా దట్టంగా ఉంటుంది, పైన పలుచన. అది ఉన్నంత మాత్రాన వాదీ దాటవచ్చన్న ధైర్యం మాత్రం ప్రాణాంతకం. ప్రవాహం ఇంజనును ఆపకపోయినా కారును ఎత్తుకుపోతుంది.

మనుషుల ముక్కు

ముందు అద్దం కింద, వైపర్ల మొదట్లో, జాలీలాంటి నల్లని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. బయటి గాలి కారులోపలికి వెళ్ళేది అక్కడి నుండే. అక్కడి నుంచి ఒక తలుపు, తర్వాత వడపోత, ఫ్యాను, ఏసీ చల్లని గొట్టాల దిమ్మె, చివరికి మీ ముఖం. ఆ తలుపును నడిపేదే డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో వంపు బాణం గుర్తున్న బటన్. నొక్కితే బయటి గాలి ఆగి, లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. చాలా కార్లలో వడపోత ఆ తలుపుకు తర్వాత ఉంటుంది గనుక బయటి గాలీ లోపలి గాలీ రెండూ దాని గుండానే పోతాయి. బయటి గాలిని మాత్రమే వడకట్టే అమరిక ఉన్న కార్లూ ఉన్నాయి. మీది ఏ రకమో కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవడం మంచిది. ఇకపై చెప్పే లెక్క మొదటి రకానికే వర్తిస్తుంది.

వడపోత అనగానే జల్లెడ గుర్తుకొస్తుంది. కానీ ఇది జల్లెడ కాదు. దాని పోగుల మధ్య సందులు అది పట్టే రేణువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. పెద్ద రేణువు గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటుంది. మధ్యరకం రేణువు గాలితోనే పోతూ పోగును ఒరుసుకుని అంటుకుంటుంది. మరీ చిన్న రేణువు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చిందులు వేస్తూ ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. అందువల్ల తప్పించుకునేవి అతి చిన్నవి కావు. గుద్దుకునేంత బరువూ చిందులేసేంత తేలికా లేని నడిమి పరిమాణం, మైక్రానులో మూడో వంతు ప్రాంతంలోనిది, అన్నిటికన్నా తేలికగా దాటిపోతుంది. దాన్ని కూడా పట్టడానికి పోగులకు తయారీలోనే స్థిర విద్యుదావేశం ఇస్తారు. ఎన్‌95 మాస్కులో ఉన్నదీ అదే కిటుకు.

విశేషమేమంటే మన శ్వాసకోశం కూడా ఇదే భౌతికశాస్త్రానికి లోబడి ఉంది. పది మైక్రాన్లకు మించినవి ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతాయి. అంతకంటే చిన్నవి గాలిగొట్టాల చీలికల వద్ద గుద్దుకుని నిలుస్తాయి. రెండున్నర మైక్రాన్లకు లోపలివి, పీఎం 2.5 అని పత్రికల్లో కనబడేవి, గాలిసంచుల దాకా చేరగలవు. అక్కడ కూడా మైక్రానులో మూడో వంతు నుండి సగం దాకా ఉన్న రేణువులే అతి తక్కువగా నిలుస్తాయి, చాలా భాగం ఊపిరితో తిరిగి బయటికి వచ్చేస్తాయి. వడపోతను మోసగించగల రేణువు ఊపిరితిత్తిని కూడా కొంత మోసగించే పోతుంది. ప్రకృతి మనకిచ్చిన చిన్న వెసులుబాటు.

ఇక్కడి గాలిలో ఉండేది ఖనిజపు దుమ్మే కాదు. ఫిబ్రవరి, మార్చి మాసాల్లో ఖర్జూరపు తోటల్లో మగచెట్ల పుప్పొడిని ఆడ గెలల మీద చేత్తో చల్లుతారు. ఆ పుప్పొడి సరిపడనివారున్నారు. దారి పక్కన పెరిగే ‘గాఫ్’ మన జమ్మిచెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం, సాక్షాత్తు అదే జాతి. దాని దాయాది సర్కారు తుమ్మ ఇక్కడ కూడా మన దగ్గరలాగే పిలవని పేరంటంగా వచ్చి పాతుకుపోయింది. దాని పుప్పొడి ఉబ్బసాన్ని రేపగలదని బాగా తెలిసిన విషయమే. పుప్పొడి రేణువు ఇరవై, ముప్పై మైక్రాన్ల లావుంటుంది కనుక మామూలు వడపోత కూడా దాదాపు అంతటినీ ఆపేస్తుంది. పుప్పొడితో తుమ్ములు పట్టుకునేవారు కారెక్కినా ఉపశమనం లేదంటే, వడపోత ఉందో లేదో ముందు చూడాలి. వెనకటి మెకానిక్కు తీసి మళ్ళీ పెట్టని కార్లు, అసలు అమర్చకుండా ఖాళీ అర మాత్రమే ఉన్న కార్లు అంత అరుదేమీ కాదు.

బటన్ లెక్క

ఇప్పుడు కొంచెం అంకగణితం. ఇవి కొలిచిన సంఖ్యలు కావు, లెక్క తేలికగా సాగడానికి తీసుకున్నవి. కారు లోపలి చోటు 3 ఘనపు మీటర్లు. ఫ్యాను గంటకు 150 ఘనపు మీటర్ల గాలిని తోస్తుంది. వడపోత సూక్ష్మ రేణువుల్లో 40 శాతాన్నే పడుతుంది, అంటే నాసిరకమే. తలుపులు మూసినా సందుల గుండా గంటకు ఐదుసార్లు లోపలి గాలి మారుతుంది.

బయటి గాలి పెట్టుకుంటే, ప్రతి రేణువుకూ వడపోత ఒక్కసారే ఎదురవుతుంది. నూటికి అరవై లోపలికి వస్తాయి. లోపలి గాలినే తిప్పితే, ఆ గాలి గంటకు యాభైసార్లు వడపోత గుండా పోతుంది. ప్రతిసారీ 40 శాతం చొప్పున పట్టడమంటే, గంటకు ఇరవైసార్లు గాలిని పూర్తిగా శుభ్రం చేసినట్టు. సందుల్లోంచి చొరబడేది ఐదు, శుభ్రమయ్యేది ఇరవై. లోపలి దుమ్ము బయటిదానిలో ఐదో వంతుకు దిగుతుంది. అదే నాసి వడపోత, ఒక్క బటన్ తేడాతో మూడు రెట్లు మెరుగైంది. దుమ్ము తుపాను వచ్చినప్పుడూ, డీజిల్ లారీ వెనక చిక్కుకున్నప్పుడూ ఆ బటన్ నొక్కమనడంలో ఇంత శాస్త్రం ఉంది. డీజిల్ పొగను కేన్సరు కారకంగా అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించిందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మరి ఎప్పుడూ నొక్కే ఉంచవచ్చు కదా? అక్కడే చిక్కు. మనం వదిలే ఊపిరి కూడా ఆ మూడు ఘనపు మీటర్లలోనే ఉంటుంది. మా పాత పంతుళ్ళు బొగ్గుపులుసు వాయువు అనేవారే, ఆ కార్బన్ డయాక్సైడ్‌ను కూర్చున్న మనిషి గంటకు సుమారు 15 లీటర్లు వదులుతాడు. ఏ వడపోతా దాన్ని ఆపదు. నలుగురున్న కారులో గంటకు 60 లీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మారితే బయటికి పోయేది 15,000 లీటర్ల గాలి. కాబట్టి లోపల ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 4,000 పాళ్ళ మేరకు పెరిగి నిలుస్తుంది. బయట ఉన్నది 420 పైచిలుకు మాత్రమే. గదిలో వెయ్యి దాటకూడదని జర్మన్ వైద్యుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే అన్నాడు. కార్మికులు ఎనిమిది గంటలు పనిచేసే చోట పరిమితి 5,000. ఇది విషం కాదు, దీంతో ఎవరూ చనిపోరు. అయితే వేలల్లోకి వెళ్ళిన కొద్దీ తలనొప్పి, మందకొడితనం, మగత వస్తాయని చెప్పేవారు చాలామంది. నిర్ణయశక్తి మీద దీని ప్రభావంపై జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు. అయినా నాకు నిర్ణయం కష్టం కాదు. నిజ్వా నుండి సలాలాకు ఎనిమిది వందల కిలోమీటర్లు దాటిన దారి. ఆదమ్, హైమా, థుమ్రైత్ మీదుగా వంపుల్లేని రోడ్డు. ఖరీఫ్ అని పిలిచే అక్కడి చిరుజల్లుల కాలాన్ని చూడటానికి జూన్ నెలాఖరు నుండి కుటుంబాలు కారు నిండా మనుషులతో, అద్దాలు బిగించి, బటన్ నొక్కి ఏకధాటిగా పోతాయి. ఆ దారిలో రెప్పపాటు కునుకు చాలు.

ఇక మూసుకుపోయిన వడపోత చేసే అసలు హాని. పోగుల్లో దుమ్ము నిండితే అది గాలిని మురికిగా పంపదు. తక్కువగా పంపుతుంది. ఫ్యాను సగం గాలినే తోయగలిగితే, పై లెక్కలో గంటకు ఇరవై పది అవుతుంది, లోపలి దుమ్ము ఐదో వంతు నుండి మూడో వంతుకు పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది మనిషి ప్రవర్తన. నిజ్వాలో వేసవి పగళ్ళు 45 డిగ్రీల వరకు పోతాయి. గాలి తగ్గిన ఏసీ బయటి వేడిగాలిని చల్లబరచలేదు. లోపలి గాలిని తిప్పితే కాస్త చల్లగా ఉంటుంది. కనుక బటన్ ఒకసారి నొక్కాక మే నుండి సెప్టెంబరు దాకా మళ్ళీ దాని జోలికి పోరు. ‘గ్యాస్ అయిపోయిందేమో’ అని ఏసీ గ్యాస్ నింపించుకుంటారు. ఆ డబ్బులో కొంత భాగానికే కొత్త వడపోత వచ్చేది.

నా సలహా: మామూలు రోడ్డు మీద బయటి గాలి. దుమ్ములో, పొగలో, ఎండలో నిలిపిన కారు మొదట చల్లబడేటప్పుడు లోపలి గాలి. ఎక్కువసేపు లోపలి గాలి తప్పకపోతే, పది నిమిషాలకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలి. కొన్ని కార్లు ఈ పని వాటంతటవే చేస్తాయి. బటన్ తానే ఆరిపోతోందని వాటిని మరమ్మతుకు తీసుకువెళ్ళేవారూ ఉన్నారు.

వడపోత ఆపలేనిది

నల్లగా ఉండే ఖరీదైన రకంలో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. అది ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, పెట్రోలు ఆవిర్లు, దుర్వాసనలను కొంతమేరకు పట్టుకుంటుంది. నగర రద్దీలో దానికి పెట్టే అదనపు ధర సమంజసమే. నిజ్వాలో అంత అవసరమని నేననుకోను. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం అది కూడా ఆపలేదు. ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకుని నిలిపిన కారులో నిద్రపోయే అలవాటు గల్ఫ్‌లోనూ ఉంది, మన ఊళ్ళలోనూ ఉంది. యజమాని కోసం గంటలకొద్దీ ఎదురుచూసే డ్రైవర్లకు అది ఒక్కటే విశ్రాంతి. సైలెన్సరు గొట్టం ఎక్కడైనా చిల్లిపడినా, కారు గోడకు ఆనుకుని నిలిపినా, షెడ్డులో ఉన్నా ఆ వాయువు లోపలికి చేరగలదు. వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఒకే కారులో వచ్చిన ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వాంతి వస్తే తిన్న తిండి కంటే ముందు దీన్ని అనుమానించాలి. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. ఈ వాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ప్రాణవాయువు ఉన్నదానిగానే లెక్కగట్టి 98 అని చూపిస్తుంది. తేల్చేది రక్తపరీక్షే.

మార్చడం

ఎక్కువ కార్లలో ఈ వడపోత ఎడమవైపు కూర్చున్నవారి ముందో కుడివైపు వారి ముందో ఉన్న గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. బాక్సును ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక సన్నని మూత, అందులో సొరుగులా వడపోత. పదినిమిషాల పని, పనిముట్లు చాలా కార్లలో అక్కరలేదు. ముందు ఫ్యాను ఆపండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారు. నిజానికి వారు ఈ పని మరొకరికి అప్పగించడం మంచిది. బాక్సు కింద పాత పత్రిక పరచి, వడపోతను వంచకుండా, విదిలించకుండా బయటికి లాగండి. కొత్తదాని అంచున గాలి పోయే దిశను చూపే బాణం ఉంటుంది. దాన్ని తలకిందులుగా పెట్టడం అందరూ చేసే పొరపాటు. చట్రానికి, అరకు మధ్య సందు మిగిలితే గాలి ఆ సందులోంచే పోతుంది. కాబట్టి ధర తక్కువని కొలత సరిపోనిది కొనకూడదు.

పాతదాన్ని నీళ్ళతో కడిగి ఆరబెట్టడం సనాయాల్లో, అంటే ఇక్కడి పారిశ్రామిక వాడల్లో, మామూలే. కడిగితే తెల్లగా కనిపిస్తుంది గానీ పోగుల మీది విద్యుదావేశం పోతుంది. గాలి బాగా వస్తుంది, సూక్ష్మ రేణువులూ బాగానే వస్తాయి. గాలి గొట్టంతో ఊదితే అదే దుమ్ము ఊదే కుర్రవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడిగి వాడవచ్చని తయారీదారు స్పష్టంగా చెప్పిన రకాలు వేరు.

ఎప్పుడు మార్చాలన్నదానికి కంపెనీలు సాధారణంగా 15,000 నుండి 30,000 కిలోమీటర్లు అని రాస్తాయి. దుమ్ము ప్రాంతాల్లో అంతకు ముందే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు ఉన్నది మనకోసమే. నేను కిలోమీటర్లను కాక కేలెండరును చూస్తాను: వేసవి మొదలయ్యే ముందు ఏప్రిల్‌లో ఒకసారి, దుమ్ము తగ్గాక అక్టోబరులో ఒకసారి. నీడ కోసం కారును గాఫ్ చెట్టు కిందో, రేగుకు దాయాది అయిన సిద్ర్ కిందో నిలిపేవారు వైపర్ల దగ్గరి జాలీలో చేరిన ఆకులను కూడా అప్పుడప్పుడు ఏరివేయాలి. అవి కుళ్ళి నీళ్ళు పోయే దారిని మూసేస్తే, వాన వచ్చిన రోజున నీరు వడపోత మీదికి దిగుతుంది. తడిసిన వడపోతను ఆరబెట్టి వాడకండి, బూజు పడుతుంది.

ఇవన్నీ సొంత కారు ఉన్నవారికి. నిర్మాణ స్థలాలకు కార్మికులను తీసుకెళ్ళే పాత మినీబస్సుల్లో చాలావాటికి ఈ వడపోతే ఉండదు. పైకప్పుకు బిగించిన ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, ఇరవై మంది ఊపిరి అందులోనే. కరీంనగర్ నుండో కడప నుండో వచ్చి రాళ్ళు కోసే పనిలో ఉన్నవారికి అప్పటికే సిలికా దుమ్ము ముప్పు ఉంది, దానితోపాటు క్షయ సోకే అవకాశమూ పెరుగుతుంది. అటువంటి బస్సులో ఒకరి దగ్గు అందరిదీ. బస్సులు నడిపించే సంస్థల్లో ఇంజనీర్లుగా, మేనేజర్లుగా ఉన్న తెలుగువారు ఈ వ్యాసం చదువుతుంటే, వారితో ఒక్క విన్నపం: డ్రైవరు పక్కదీ చిట్టచివరిదీ, రెండు కిటికీలు రెండేసి అంగుళాలు తెరిచి ఉంచమని డ్రైవరుకు చెప్పండి. చల్లదనం కొంత తగ్గుతుంది, డ్రైవరు సణుగుతాడు. దుమ్ము లేచిన రోజున మూసుకోవచ్చు.